పట్టుచీరల సెక్షన్‌లో బుజ్జిగారు

ఆ రోజుల్లో బందరులో కుక్కలు బట్టల షాపు మెట్ల దాకానే వచ్చేవి. మా షాపు అద్దాల తలుపు కింద బెత్తెడు సందు ఉండేది. అందులోంచి బయటికి పోయే ఏసీ చల్లదనం కోసం మా వీధి కుక్కలు రెండు (వాటికి పేర్లూ లేవు, పనీ లేదు) ఎండాకాలం మొత్తం ఆ సందుకి మూతులు ఆనించి నిద్రపోయేవి. లోపలికి రావాలని అవీ అనుకోలేదు, రానివ్వాలని మేమూ అనుకోలేదు. వచ్చే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, వాటిని దాటుకుని లోపలికి వచ్చేవారు. కుక్కలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టించాలని మా ఓనరుగారికి తట్టలేదంటే అది ఆయన మంచితనమేం కాదు, ఆ అవసరం రాలేదంతే. ఆ అవసరం తెచ్చినవాణ్ని నేను. బోర్డు ఇప్పటికీ తలుపు పక్కనే ఉంది. దాని కింద నా పేరు వేయలేదు గానీ, న్యాయంగా అయితే వేయాలి.

అప్పటికి నేను బీకాం పూర్తిచేసి, ఉద్యోగాల పరీక్షలు రాసి రాసి అలసిపోయి, ఆ షాపులో మేడ మీద పట్టుచీరల సెక్షన్‌లో సేల్స్‌మన్‌గా కుదురుకున్నాను. తెల్ల దుప్పట్లు పరిచిన పరుపుల మీద కూర్చుని, మడత విప్పిన చీరని ఒక్క విసురు విసిరితే దాని అంచు కస్టమరు మోకాళ్ల ముందు వచ్చి ఆగాలి. ఆ విసురు నాకు బాగా వచ్చేది. గుట్టెడు చీరలు విప్పించి, చివరికి "మళ్లీ వస్తాం" అని లేచి వెళ్లిపోయేవాళ్లని నవ్వుతూ మెట్ల దాకా సాగనంపడం కూడా వచ్చేది. రానిదల్లా పెళ్లి సంబంధమే. వచ్చిన ఒకరు గవర్నమెంటు ఉద్యోగం కాదన్నారు. ఇంకొకరు పొద్దస్తమానం ఆడవాళ్ల మధ్య ఉండే పనన్నారు. ఆ తర్వాత అవనిగడ్డ నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫోన్లోకి ఫొటో వచ్చిన రోజు నుంచీ నాకు పని మీద ధ్యాస లేదు. పెళ్లికని తీయించుకునే ఫొటోల్లో అందరూ బిగుసుకుపోయి, పరీక్ష హాల్లో ఉన్నట్టు ఉంటారు. ఈ అమ్మాయి మాత్రం పక్కకి చూస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి నవ్వుతోంది. ఈ సంబంధం కూడా తప్పిపోతే ఏం చేస్తానో నాకే తెలియదు అన్నంత దూరం వెళ్లిపోయాను.

అలాంటి సమయంలో మా అత్తయ్య ఫోన్ చేసింది (నాన్నగారి చెల్లెలు, గుడివాడలో కూర్చుని జిల్లా సంబంధాలన్నీ ఫోన్లోనే నడిపేది). మా వైపు ఒక పద్ధతి ఉంది. పెళ్లిచూపుల కన్నా ముందే పిల్ల తరఫు వాళ్లొకరు, అబ్బాయి పనిచేసే చోటికి ఎవరో అన్నట్టు వచ్చి, చూసిపోతారు. బ్యాంకులో పనిచేసేవాడైతే ఖాతా తెరవడానికి వస్తారు, డాక్టరైతే కడుపునొప్పితో వస్తారు. నా దగ్గరికి ఎలా వస్తారో వేరే చెప్పక్కర్లేదు.

"ఒరేయ్, జాగ్రత్తగా విను," అంది అత్తయ్య గొంతు తగ్గించి. "ఈ వారంలో ఎప్పుడో పిల్ల మేనత్త మీ షాపుకొస్తదంట. పొడుగ్గా, కళ్లజోడు పెట్టుకుని ఉంటదంట. వాళ్లింట్లో కుక్కనొకదాన్ని కన్నబిడ్డలాగా చూసుకుంటారంట. నువ్వు మాత్రం ఏమీ తెలీనట్టే ఉండు. నేను చెప్పానని తెలిస్తే నా పరువు పోద్ది."

ఏమీ తెలియనట్టు ఉండడం తెలిసినవాళ్లకే కష్టం. ఆ మర్నాటి నుంచి మెట్లెక్కి వచ్చిన ప్రతి పొడుగాటి కళ్లజోడు ఆవిడకీ నేను ఎదురెళ్లాను. వాళ్లలో ఒకావిడ ఇన్సూరెన్సు ఏజెంటు. ఆవిడకి చీర అమ్మలేకపోయాను గానీ, నేను పాలసీ తీసుకున్నాను.

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం కింద గుమ్మం దగ్గర గొడవ వినిపించింది. వాచ్‌మన్ ఎవరినో లోపలికి రానివ్వడం లేదు. మేడ మీది కటకటాల్లోంచి తొంగి చూశాను. పొడుగ్గా, కళ్లజోడు పెట్టుకుని ఒకావిడ. ఆవిడ చేతిలో గొలుసు. గొలుసు చివర పెయ్యదూడంత నల్లటి కుక్క. (అవనిగడ్డ నుంచి బందరుకి అంత కుక్కని ఏ బస్సులో తెచ్చారని మీరు అడుగుతారు. అప్పుడు నేను అడగలేదు. నా ఓర్పుని పరీక్షించడానికే తెచ్చారని నాకు క్షణంలో అర్థమైపోయింది.) రెండేసి మెట్లు దిగి వెళ్లి, వాచ్‌మన్‌ని పక్కకి తప్పించి, రండి రండి అని ఇద్దరినీ ఆహ్వానించాను. కుక్క పేరు బుజ్జి అని చెప్పిందావిడ. బుజ్జి నా చెప్పులు వాసన చూసింది. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. చిన్నప్పుడు కోర్టు వెనక సందులో ఒక కుక్క నా పిక్క పట్టుకున్న దగ్గర్నుంచి, కుక్క అన్న మాట వింటేనే నా చెయ్యి పిక్క మీదికి పోతుంది.

మేడ మీద మా ఫ్లోర్ మేనేజరు (అందరం ఆయన్ని బాబాయి అనేవాళ్లం) బుజ్జిని చూసి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. ఇదేమిట్రా, ఓనరుగారు చూస్తే ఇద్దరినీ కలిపి బయటికి పంపిస్తారని నా చెవిలో అన్నాడు. మావాళ్లే బాబాయ్, ఇవాళ్టికి వదిలెయ్ అని బతిమాలుకున్నాను. అప్పటికే బుజ్జి తెల్ల దుప్పటి మీద కాళ్లు చాపుకుని పడుకుని, నాలుక బయటపెట్టి ఆయాసపడుతోంది. పరుపు ఎక్కేవాళ్లు చెప్పులు విప్పాలన్నది మా షాపు నియమం, దానికి అసలు చెప్పులే లేవు కదా అని బాబాయికి నచ్చజెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇక నా సేవ మొదలైంది. ఆవిడకి కూల్‌డ్రింకు తెప్పించాను. బుజ్జికి మా మంచినీళ్ల గ్లాసుల పళ్లెంలో నీళ్లు పోసి, చెయ్యి వీలైనంత ముందుకీ, ఒళ్లు వీలైనంత వెనక్కీ పెట్టి, దాని ముందుకి జరిపాను. అది తాగినంతసేపూ మంచి పద్ధతిగా తాగుతోందండీ అని మెచ్చుకున్నాను. ఆవిడ ప్రతి చీరనీ భుజం మీద వేసుకుని, ఎలా ఉంది నాన్నా అని బుజ్జిని అడిగేది. పసుపు రంగు చీరకి అది తోక ఆడించింది. బుజ్జిగారి సెలక్షన్ బాగుందండీ అన్నాను నేను. మధ్యమధ్య సందు దొరికినప్పుడల్లా నా వివరాలు కూడా అందించాను. నాకు సిగరెట్టు అలవాటు లేదనీ, టీ కూడా ఒక్కసారే తాగుతాననీ, అమ్మంటే నాకు చాలా గౌరవమనీ చెప్పాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని నన్ను కాసేపు చూసి, "అది సరే బాబూ, ఈ చీరకి ఫాల్ మీరే కుడతారా?" అంది.

ఇదంతా జరుగుతుండగా ఒక పెద్దాయన చేతిసంచీతో మెట్లెక్కి వచ్చి, తువ్వాళ్లు కావాలన్నాడు. పొట్టిగా, నల్లగా, నలిగిన తెల్లచొక్కాలో ఉన్నాడు. తువ్వాళ్లు కింద ఉంటాయండీ అని, ఆయన మొహం కూడా సరిగ్గా చూడకుండా చెప్పాను. మోకాళ్లు నొప్పి, మళ్లీ దిగి ఎక్కలేను, నువ్వే తెప్పించు బాబూ, తొందరేం లేదు అని మూల కుర్చీలో కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ పై అరలో ఉన్న చీరలు అడిగింది. అంతలో ఆవిడకి ఫోన్ వచ్చి, గొలుసు నా చేతిలో పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఒక చేత్తో గొలుసు, ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకుని ఎక్కడం సాధ్యం కాదు. చుట్టూ చూస్తే ఖాళీగా ఉన్న మనిషి ఆయనొక్కడే.

"మావయ్యగారూ, కాస్త ఇది పట్టుకోండి," అని గొలుసు ఆయన చేతిలో పెట్టాను. పెద్దవాళ్లని మావయ్యగారనే పిలవడం మాకు షాపులో అలవాటు.

ఆయన పట్టుకున్నాడు. బుజ్జి లేచి వెళ్లి, ఎన్నాళ్ల పరిచయమో అన్నట్టు ఆయన ఒళ్లో తల పెట్టింది. ఆయన దాని చెవుల వెనక గోకుతూ, నేను చీరలు దింపుకుని వచ్చేదాకా నన్నే చూశాడు. తర్వాత మెల్లగా, నీకు కుక్కలంటే భయం కదూ, చేతులు వణుకుతున్నాయే అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అంతసేపూ బిగబట్టుకున్నదంతా అక్కడ తెగిపోయింది. ఆయన పక్కన చతికిలబడి మొత్తం చెప్పేశాను. చచ్చేంత భయమనీ, దానికి నీళ్లు పెట్టింది కూడా వణుకుతూనేననీ, కానీ ఆవిడ నాకు వచ్చిన సంబంధం తాలూకు పిల్ల మేనత్త అనీ, నన్ను చూడ్డానికి మారువేషంలో వచ్చిందనీ, ఎవరికీ చెప్పొద్దనీ గుసగుసగా చెప్పాను.

ఆయన చాలా సీరియస్‌గా విన్నాడు. "ఆ సంబంధమే కావాలా నీకు? పిల్లని చూశావా?" అన్నాడు.

"ఫొటోలో చూశానండీ. ఎవరో ఏదో అన్నట్టు నవ్వుతోంది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనుందండీ. అంతే."

ఆయన తల వంచుకుని మళ్లీ బుజ్జి చెవులు గోకడం మొదలుపెట్టాడు.

ఇంతలో ఆవిడ ఫోన్ ముగించుకుని వచ్చి, కరెంటొచ్చిందంట, పద నాన్నా అని గొలుసు అందుకుంది. నాకు అర్థం కాలేదు. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి అన్నాను. ఎవరింట్లో అందావిడ. తర్వాత తెలిసిందేమిటంటే, ఆవిడది మా షాపుకి రెండు వీధుల అవతల ఇల్లు. పొద్దున్నుంచి కరెంటు లేదు. ఆ జాతి కుక్క వేడికి తట్టుకోలేదని, ఏసీ ఉన్న చోట కాసేపు కూర్చోబెడదామని తెచ్చింది. ఊరికే కూర్చుంటే బాగుండదని చీరలు చూసింది. చాలా మర్యాదగా ఉన్నావు బాబూ, మళ్లీ వస్తాం అని వెళ్లిపోయింది. బుజ్జి వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

విప్పిన చీరల గుట్ట మధ్య నేనూ, దుప్పటి మీద నల్ల వెంట్రుకలూ మిగిలాం. మెట్ల మీద ఓనరుగారి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆ పెద్దాయన కింద నుంచి తెప్పించిన రెండు తువ్వాళ్లు సంచీలో పెట్టుకుని లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, ఆవిడ కాకపోతే ఇంకెవరో వస్తార్లే బాబూ అని మెట్లు దిగాడు. పాపం, మంచి మనిషి అనుకున్నాను.

సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసింది. మేనత్తకి ఒంట్లో బాగాలేక, పిల్ల తండ్రే స్వయంగా వచ్చి వెళ్లాడని చెప్పింది. ఎలా ఉంటారాయన అని అడిగాను, నీరసంగా. పొట్టిగా, నల్లగా ఉంటాడు, మోకాళ్ల నొప్పులంది. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. పక్కన వీధి కుక్క ఉందన్న సంగతి కూడా గమనించలేదు. కాబోయే మావగారి చేతికి ఊళ్లోవాళ్ల కుక్క గొలుసు ఇచ్చినవాణ్ని ఎవరైనా అల్లుణ్ని చేసుకుంటారా? ఆ వారమంతా అన్నం సహించలేదు. ఫొటో తీసి చూసే ధైర్యం కూడా లేకపోయింది.

కబురు ఆదివారం వచ్చింది. ఆయన చెప్పిన మాటల్ని అత్తయ్య ఉన్నదున్నట్టు చెప్పింది: "ఇష్టమైనదాన్ని ఎవరైనా బాగానే చూసుకుంటారమ్మా. ఈ అబ్బాయి వణికిపోతూ కూడా దానికి నీళ్లు పెట్టాడు. మా అమ్మాయికి కోపమెక్కువ. ఇతనైతే పర్లేదు."

పెళ్లయ్యాక మొదటిసారి అవనిగడ్డ వెళ్లినప్పుడు గుమ్మంలోనే మావగారు ఎదురొచ్చారు. పక్కన ఎర్రటి నాటుకుక్క ఒకటి, ఆ రోజు కొన్న తువ్వాలు ఒకటి నోట కరుచుకుని నిలబడింది. ఫొటో తీసే సమయానికి ఈ కుక్కే చున్నీ పట్టుకుని లాగిందనీ, ఆ నవ్వు అందుకేననీ అప్పటికే నా భార్య చెప్పింది. మావగారు గొలుసు నా చేతికి అందించి, మొహంలో ఏ మార్పూ లేకుండా, "కాస్త ఇది పట్టుకో అల్లుడూ, కాళ్లకి నీళ్లు తెస్తాను," అన్నారు. పట్టుకున్నాను. వీధి వీధంతా నవ్వింది.

ఇప్పుడు ఆ షాపులో నేనే ఫ్లోర్ మేనేజర్ని. కుర్రాళ్లు నన్ను బాబాయి అంటారు. మొన్న ఎండల్లో ఒక అమ్మాయి చిన్న కుక్కపిల్లని ఎత్తుకుని వస్తే, బోర్డు చూపించి నేనే వెనక్కి పంపించాను. రూల్ అంటే రూలే కదమ్మా అని కూడా అన్నాను. ఇంటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెబితే, నా భార్య బీరకాయ తొక్క తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"మా నాన్న సరేనన్నది ఆ కుర్రాడికండీ," అంది. "మీకు కాదు."

మర్నాడు పొద్దున షాపు తీయగానే పాత స్టీలు గిన్నె ఒకటి వెతికి, నీళ్లు పోసి, అద్దాల తలుపు సందు దగ్గర పెట్టబోయాను. అక్కడ పడుకున్న వీధి కుక్క లేచి, మూతి ముందుకి చాపింది. నా చెయ్యి వణికి, నీళ్లు సగం నా ప్యాంటు మీదే పడ్డాయి. నాకు భలే సంతోషం వేసింది. ఆ కుర్రాడు ఇంకా ఎక్కడికీ పోలేదు.