పిన్ని చేసిన పని

మా పిన్ని పోయింది. పిన్నివాళ్లుండే హిందీ ఊళ్లో, వ్యాపార్ విహార్ దగ్గర తను పనిచేసే జిమ్‌లో మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయిందట. ఆస్పత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. కబురు విన్నప్పుడు ఏడ్చాను. దినం నాటికి ఆ ఏడుపు కోపమైంది. ఆమెను ఎరగని మీకు ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే చెబుతున్నాను.

అది ఆడవాళ్ల జిమ్. బరువులెత్తీ పరుగులు తీసీ బిగుసుకుపోయిన కాళ్లూ భుజాలూ సాగదీసి, లోపలి కండ దాకా మర్దనా చేసి పట్టు వదిలించడం పిన్ని పని. పెళ్లయిన చాలా ఏళ్లకు, రాయ్‌పూర్‌లో శిక్షణ తీసుకుని మరీ చేరింది.

ఒకసారి నా తొడ వెనక కండ పట్టేస్తే నన్నూ పడుకోబెట్టింది. నా మడమ తన భుజానికి ఆనించుకుని, మోకాలు వంగకుండా పట్టుకుని, మెల్లగా ముందుకు వంగింది. "ఓలమ్మీ, కాలు నువ్వెత్తకు. నాకొదిలీ. ఊపిరి వదులు."

లాగుతోందన్నాను. అక్కడే ఆగింది. మడమతో తన భుజాన్ని కిందికి నొక్కమంది, కాసేపటికి వదిలేయమంది. ఈసారి కాలు దానంతటదే ఇంకాస్త పైకి లేచింది. తర్వాత బోర్లా తిప్పి, పట్టేసిన కండ మీద మోచేయి ఆనించి బరువు కొంచెం కొంచెంగా వేసింది.

"ఏటి, ఓర్సుకుంతన్నావా? ఓర్సుకోకు, సెప్పు. ఒల్లు ఒప్పుకున్నకాడికే నా పని. ఆపైన జబర్దస్తీ."

అంత శ్రద్ధగా చేసే పనిని మావాళ్లు నోటితో పలికేవారు కాదు. ఎవరైనా అడిగితే బాబాయ్ "ప్రైవేట్ ఆఫీసు" అనేవాడు. ఒక పెళ్లిలో పిన్ని వడ్డించబోతే బాబాయ్ అక్క విస్తరి పక్కకి లాక్కుంది. "ఎవరెవరి ఒల్లు పిసికిన సేతులో!"

పిన్ని గరిటె కిందపెట్టింది. "సబ్బెట్టి కడిగిన సేతులే వదినా. సిగ్గుపడాల్సిన పనైతే నానే మానేద్దును."

బాబాయ్ తల దించుకుని తిన్నాడు.

దినం రోజు తార్‌బహార్‌లోని వాళ్లింటి గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ఫొటో కింద హిందీలో "ఆదర్శ గృహిణి". జిమ్ నుంచి వచ్చిన ఆడవాళ్లు దాని పక్కన నిలబడ్డారు. వాళ్లెవరని చుట్టాలు అడిగితే, "మా మరదలి కాడ టైలరింగ్ నేర్సుకున్నోల్లు" అంది బాబాయ్ అక్క.

వాళ్లలో రైల్వే గార్డుగా పనిచేసే తెలుగామె ఉంది. "టైలరింగేటండీ? దీదీ మాకు మసాజ్ చేసీది. ఈ చెయ్యి అసలు లేచీది కాదు" అని తన కుడిచెయ్యి తలపైకెత్తి చూపించింది.

నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయ్ దగ్గరికి వెళ్లాను. "పోయాక కూడా దాచాలా?"

"ఊరుకోమ్మా. పోయిన మనిషి పరువు పోతాది."

"ఆమె పరువా, నీదా?"

కుర్చీ వేసుకుని ఫ్లెక్సీ తాళ్లు నేనే విప్పాను. రెండో వైపు ముడి ఆ గార్డు ఆమె విప్పింది. పంక్తిలో కూర్చున్నవాళ్లకు వినబడేలా చెప్పాను, మా పిన్ని జిమ్‌లో మసాజ్ చేసేదని, మంచి పేరు తెచ్చుకుందని. బాబాయ్ అక్క తినకుండానే లేచి వెళ్లిపోయింది. కాసేపటికి బాబాయ్ వచ్చి, "భోంచేసి ఎల్లండమ్మా" అని జిమ్ ఆడవాళ్లను పంక్తిలో కూర్చోబెట్టాడు. బతికుండగా ఆమె పక్కన నిలబడి ఉంటే ఎంత బాగుండేది! నా కోపం చల్లారలేదు.

సాయంత్రం పెరట్లో చూస్తే, పారేయాల్సిన బట్టలతో పాటు పిన్ని చాప కూడా పడుంది. జిమ్‌లో పరుచుకునే మందపాటి నీలం చాప. తీసి కడిగి అరుగు మీద పరిచి ఆరబెట్టాను. ఒక అంచున పక్కపక్కనే రెండు గుంటలున్నాయి, ఆమె మోకాళ్లు ఆనించుకున్న చోట. మిగతా చాపంతా ఆరిపోయింది. ఆ రెండు గుంటల్లో మాత్రం తడి అలాగే ఉండిపోయింది.