రమణమ్మ బావిలో ఎండ్రకాయ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పయ్యేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. వెన్నెముక లేని జీవుల మధ్యే బతుకంతా గడిచింది. స్టాఫ్ రూమును, అందులో నన్నూ కలుపుకొనే అంటున్నాను. దయ్యానికి వెన్నెముక ఉందో లేదో తేలితే గానీ దాన్ని ఏ తరగతిలో చేర్చాలో నాకు తెలియదు. కాబట్టి ఇది దయ్యం కథ కాదు. జరిగినది జరిగినట్టు చెబుతాను.

అరవైల మొదట్లో నెల్లూరులో లెక్చరరుగా ఉండేవాణ్ణి. శిలాజాల పిచ్చి ఉండేది. దగ్గర్లోని కోట అనే ఊరి నుంచి సముద్రం వైపు పోతే, బావి తవ్విన చోటల్లా పది పన్నెండు అడుగుల కింద నల్లటి బంకమట్టి తగిలేది. అందులో రాయైపోయిన గవ్వలు, ఎండ్రకాయలు, అదే పీతలు. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేది మరి. ఎవరైనా బావి తవ్వుతున్నారని తెలిస్తే ఆదివారం సైకిలేసుకుని పోయేవాణ్ణి. వాళ్ళు నీళ్ళ కోసం, నేను రాళ్ళ కోసం.

రాయి దొరకగానే గట్టు మీదే కూర్చుని తెలుగులో చీటీ రాసి, రెంటినీ ఒకే సిగరెట్టు డబ్బాలో పెట్టేవాణ్ణి. ఎన్ని అడుగుల్లో దొరికింది, ఏ తేదీన, ఎవరి బావిలో. సర్వే నంబర్లు నాకెక్కడ తెలుస్తాయి? బావి గలవాళ్ళ పేరే నా పటం.

కాలేజీ తరఫున మూడు నెలల అధ్యయనానికి లండన్ పంపితే, ముప్పై డబ్బాలతో ఓడెక్కాను. అక్కడి మ్యూజియంలో శిలాజాల నిపుణుడైన ఒక పెద్దాయన ఒక్కొక్క డబ్బా తెరుస్తూ, ఒక ఎండ్రకాయ దగ్గర ఆగిపోయాడు. పటకారులాంటి ముందుకాలు ఒకటి విరిగిపోయి ఉంది. అయినా ఆయన భూతద్దం దించలేదు. ఇలాంటిది ఇంతవరకు చూడలేదన్నాడు. దొరికిన చోటు, తేదీ కచ్చితంగా తేలితే నా పేరుతో వ్యాసం వేయిస్తానని, రెండేళ్ళ పరిశోధనకు అక్కడికే రప్పిస్తానని మాటిచ్చాడు.

చీటీ చదివాను. “రమణమ్మ బావి, పద్నాలుగు అడుగులు.” తేదీ నేను ఓడెక్కడానికి రెండు నెలల ముందుది. రాత నాదే, సిరా నాదే. రాసినట్టు మాత్రం గుర్తు లేదు.

కానీ రమణమ్మకు బావి లేదు. కోట దగ్గర వంకాయ తోట వేసుకున్న రైతు ఆమె. కాలవ నుంచి కడవలతో నీళ్ళు మోసేది. అటు పోయినప్పుడల్లా ఆమె ఇంట్లో మజ్జిగ తాగేవాణ్ణి.

తిరిగి రాగానే ఆమె దగ్గరికే పోయాను.

“నాకు బావెక్కడిది అయివోరా? తెల్లోళ్ళ సీమకు పోయొచ్చి మనుషుల్ని మరిచిపోయినారా ఏంది?”

“రాసింది నేనే అక్కా.”

“మీరు రాస్తే బావి పుట్టేటట్టుంటే, ఇంకో రెండు రాసిపెట్టండి.”

చోటు తేలలేదని లండన్‌కు ఉత్తరం రాశాను. ఏడాది గడువిస్తానని పెద్దాయన జవాబిచ్చాడు. అక్కడే సంగతి ముగిసిందనుకున్నాను.

మరుసటి ఎండాకాలం కాలవ ఎండిపోయింది. రమణమ్మ బావి తవ్వించింది. మొదటి తట్ట మట్టి నుంచీ నేను గట్టు మీదే ఉన్నాను. అడుగడుగుకూ టేపు దించి కొలిచాను. పద్నాలుగో అడుగులో, మిట్టమధ్యాహ్నం, ఒక మట్టిగడ్డ పైకొచ్చింది. నా చేత్తోనే పగలగొట్టాను. లోపల ఒక్క ముందుకాలు. అంతే.

లండన్‌లో తీయించుకున్న ఆ ఎండ్రకాయ సున్నపు అచ్చు నా సంచిలో ఉంది. విరిగిన చోట కాలిని ఆనించాను. సరిగ్గా కూర్చుంది. తర్వాత లండన్‌కు పంపితే, అక్కడే ఉంచి వచ్చిన అసలు రాయికీ అలాగే కూర్చుందట.

“చోటు తేలింది. ఇక తేదీ ఒక్కటి, బావి తవ్విన తర్వాతిది వేయండి. రాయి ముందే ఇక్కడికి చేరిన సంగతి నేను చూసుకుంటాను” అని పెద్దాయన రాశాడు. ఒక్క గీత మారిస్తే చాలు, రెండేళ్ళ పరిశోధన నా చేతిలో ఉన్నట్టే. ఉత్తరం రమణమ్మకు చదివి వినిపించాను.

“అయితే అది నా మట్టిలోంచి ముందే ఎట్ట లేచిపోయింది?”

“తెలీదక్కా.”

“ఇన్ని చదువులు చదివినారు!”

“చదివిన వాటిలో లేదు.”

ఆమె బావిలోకి తొంగి చూసింది. “తేదీ మాత్రం మార్చబాకండి అయివోరా. మీ చేత్తో రాసినారు. ఎవురు రాయించినారో మనకేం తెలుసు?”

మార్చలేదు. ధైర్యమో, భయమో చెప్పలేను. పాత తేదీతోనే పంపిన వ్యాసం తిరిగొచ్చింది. ఆ రెండేళ్ళు ఇంకెవరికో దక్కాయి.

తేదీ తప్పనుకుంటే, బావే లేని రోజుల్లో ఆ రాయి నా డబ్బాలో ఎందుకుంది? తేదీ ఒప్పనుకుంటే, తవ్వని మట్టిలోంచి ఎలా వచ్చింది? నా సర్వీసులో వేల జవాబు పత్రాలు దిద్దాను. ఈ ఒక్క చీటీని ఎలా దిద్దాలో ఇప్పటికీ తెలియడం లేదు.