గేటు మీది హెల్మెట్

మణుగూరు కాలనీలో మా పక్కింటి వదిన గేటుకు ఓ పాత గని హెల్మెట్ వేలాడేది. అది కనిపించిందంటే రాత్రి షిఫ్టు చేసి వచ్చిన అన్న లోపల పడుకున్నాడని అర్థం. వీధి మొత్తం గొంతు తగ్గించాలి.

మాత్రలు మింగుతున్నా అన్న బీపీ దిగలేదు. నిద్రలో బీపీ తగ్గితేనే గుండెకు తెరిపి అని, ఈయన పగటి నిద్ర ముక్కలైపోతుంటే ఆ తెరిపి ఎక్కడిదని డాక్టరు కోప్పడ్డాడు. ఆ రోజే వదిన గేటుకు తాడుతో హెల్మెట్ కట్టింది.

మా కుక్కర్ కూత మీదికి ఆమె తగువుకొస్తే నేను ఊరుకుంటానా?

"మరి మా పప్పు ఎట్ల ఉడకాలె వదినా? నీ మొగని నిద్రకు మేం ఉపాసముండాల్నా?"

"గిన్నెల ఉడకవెట్టు. ఆలస్యంగ ఉడికినా పప్పు పప్పే అయితది. మీ అన్న గుండె ఆగితె మల్ల నడుస్తదా?"

గొణుక్కుంటూనే కుక్కర్ దించాను. ఆ పూట గిన్నే ఎక్కించాను.

తర్వాతోసారి ఉల్లిగడ్డల ఆటో మైకుతో వీధిలోకి వస్తే, వదిన కంటే ముందు నేనే అడ్డం నిలబడ్డాను. "ఏందయ్యా, హెల్మెట్ కనవడ్తలేదా?"

కొన్ని నెలలకు అన్న బీపీ అదుపులోకి వచ్చింది. అయినా మాత్రలు మానొద్దన్నాడు డాక్టరు.

"తగ్గింది గద, ఇగ హెల్మెట్ తీసెయ్ వదినా. మా కుక్కర్ మూలకు వడ్డది" అన్నాను.

"గోలీలు ఆపొద్దన్నడు గద డాక్టరు? ఇది గుడ గోలీనే" అంటూ ఆమె తాడుకు ఇంకో ముడి వేసింది.