కొండలెక్కే టైర్లు, గుత్తి వంకాయ కూర

ఆ రోజుల్లో నాకున్న ధైర్యం తర్వాత ఎక్కడికి పోయిందో తెలియదు. మైత్రీవనంలో మూడు కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని, మూడింటికీ సర్టిఫికెట్లు తెచ్చుకుని, వాటిలో ఒక్కదానికీ ఉద్యోగం రాక, చివరికి అమ్మ నడిపే కేటరింగ్‌లో పికప్ బండికి డ్రైవర్‌గా చేరాను. (చుట్టాలకు మాత్రం 'సప్లై అంతా మా అమ్మాయే చూసుకుంటుంది' అని అమ్మ చెప్పేది.) అమీర్‌పేట సందులో మా వంటశాల. వంటశాల నుంచి ఫంక్షన్ హాలుకి గుండిగలు చేర్చడమే నా పని. అలాంటి నేను ఫోన్‌లో రాళ్లూ బురదా దాటి కొండలెక్కే బళ్ల వీడియోలు రోజూ చూసి చూసి, అరిగిపోయిన మా టైర్లు మార్చాల్సి వచ్చేసరికి, పెద్ద పెద్ద గాట్లున్న ఆ కొండ టైర్లే వేయించాలని తీర్మానించుకున్నాను. మా బండి అంతవరకూ ఎక్కిన అతి ఎత్తైన ప్రదేశం పంజాగుట్ట ఫ్లైఓవర్.

'మగమనిషి పక్కనుంటే మోసం చేయరు' అని అమ్మ బాబాయిని తోడిచ్చి పంపింది. బాబాయికి బండి గురించి తెలిసిందల్లా ఎడమవైపు కూర్చోవాలన్నదొక్కటే. పంజాగుట్టలో టైర్ల షాపు భాయ్ నన్ను ఓసారి చూసి, బాబాయి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. "సార్, మీ బండికి గీ సైజే కరెక్టు. పెద్దయి ఏస్తే లోడ్ ఎక్కినంక బాడీకి రాసుకుంటయి. స్టీరింగ్ ఫుల్లు తిప్పితే మడ్‌గార్డుకు తగుల్తయి." బాబాయి ప్రతి మాటకీ గంభీరంగా తల ఊపాడు. నాకు ఒళ్లు మండింది. "నడిపేది నేనండీ. నాతో చెప్పండి," అన్నాను. "అచ్చా మేడం, జర ఇనుండ్రి. మీరేమన్న కొండలెక్కుతరా?" "వానాకాలంలో అమీర్‌పేట మీరు చూడలేదా?" ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "గది సుత కరెక్టే," అని నవ్వాడు. ఆ నవ్వుతో వాదన నేనే గెలిచాననుకుని, ఆయన చెప్పబోయే మిగతాదేదీ వినకుండా పెద్దవే వేయించుకున్నాను.

ఖాళీ బండి మీద వారం రోజులు రాజ్యమేలాను. టైర్లు రోడ్డు మీద విమానంలా మోగేవి. సందులో జనం తలెత్తి ఆకాశం వైపు చూసి, తర్వాత నన్ను చూసేవారు. ఎనిమిదో రోజు ఒక నిశ్చితార్థానికి మూడు వందల మంది భోజనం. అన్నం, పప్పు, సాంబారు, పులిహోర, అమ్మ పేరు నిలబెట్టిన గుత్తి వంకాయ కూర. గుండిగలన్నీ ఎక్కేసరికి బండి వెనకభాగం బాగా కిందికి దిగింది. అమ్మ పక్క సీట్లో కూర్చుంది. పంజాగుట్ట దగ్గరపడుతుండగా కమురు వాసన మొదలైంది.

"ఏంటే ఈ వాసన? ఏదో మాడినట్టుంది," అంది అమ్మ. నాకు అప్పటికే అర్థమైంది, వెనక చక్రాలు బాడీకి రాసుకుంటున్నాయి. అయినా "ముందు వెళ్తున్న లారీదమ్మా" అన్నాను. లారీ పక్క రోడ్డులోకి తిరిగి వెళ్లిపోయింది, వాసన మాత్రం మాతోనే ఉంది. అమ్మ బండి ఆపించి వెనక్కెక్కింది. ఒక్కో మూతా తీసి వాసన చూసింది, ఒక్కోటీ గరిటెతో అరచేతిలో వేసుకుని రుచి చూసింది. ఏ రుచిలోనూ తేడా దొరక్క, చివరికి నేరం వంకాయ కూర మీద మోపింది. "అడుగంటిందే. నాకే తెలియలేదు. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ ఇలా జరగలేదు," అంటూ ఫంక్షన్ వాళ్లకి ఫోన్ చేసి కూర వడ్డించడం లేదని చెప్పబోయింది. తెల్లవారుజామున లేచి ఒక్కో కాయలో తన చేత్తో కూరిన మసాలా అది. అక్కడ నా ధైర్యం కాస్తా జారిపోయింది. "అమ్మా, కూర కాదు. టైరు," అన్నాను.

అమ్మ కిందికి దిగి టైరును చూసింది, నన్ను చూసింది. "మరి ఇందాకటి నుంచి నాచేత గుండిగలన్నీ ఎందుకు నాకించావే?" అంది. జవాబు చెప్పే లోపలే రోడ్డు మధ్యకు వెళ్లి చెయ్యెత్తి ఆటోలు ఆపడం మొదలుపెట్టింది. ఐదు ఆటోల్లో మా భోజనం ఊరేగింపుగా బయల్దేరింది. ముందు ఆటోలో వంకాయ కూర, దాన్ని రెండు చేతులా పట్టుకుని అమ్మ, అన్నిటికీ వెనక ఖాళీ బండిలో నేను. విస్తళ్లు వేస్తుండగా చేరుకున్నాం. పెళ్లికొడుకు తాతగారు ఆ కూర మూడుసార్లు అడిగి వడ్డించుకున్నారు.

వడ్డన అయ్యాక ఆ బండితో నేనొక్కదాన్నే టైర్ల షాపుకి వెళ్లి, భోజనాల లోడుతో వెళ్తుండగా ఇలా అయిందని చెప్పాను. భాయ్ వంగి రాసుకున్న గుర్తులు చూశాడు. మాట పడటానికి సిద్ధమై నిలబడ్డాను. ఆయన అడిగింది ఒక్కటే. "భోజనాలు టైముకు అందినయా మేడం?" అందాయన్నాను. "ఇంకేం ఫికర్ లేదు. మీ సారుకు గప్పుడే చెప్పిన గద." "ఆయన మా బాబాయండీ. ఏం చెప్పినా తల ఊపుతారు." "ఊపిండు గదా, సమజైందనుకున్న!" ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన స్టూలు నాకు వేసి, తను నేల మీద కూర్చుని, ఏ బండికి ఏ చక్రం ఎందుకో మొదటి నుంచి చెప్పాడు. ఈసారి విన్నాను. ప్రశ్నలు కూడా అడిగాను.

కొండ టైర్లతో రాజ్యమేలిన ఆ వారంలో తీసుకున్న ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, టైరు మీద ఒక కాలు వేసి, గడ్డం పైకెత్తి నిలబడ్డాను. ఫోన్ మార్చిన ప్రతిసారీ తీసేద్దామనుకుంటాను, వేలు అక్కడే ఆగిపోతుంది. ఆ పిల్లకు ఏమీ తెలియదు. కానీ ఎంత హాయిగా నిలబడిందో!