బండి వేళకు పిలిచేవాళ్లు

మొన్న ఆదివారం మా చెల్లెలి బిడ్డ భూపాలపల్లి నుంచి ఫోన్ చేసి, ముందు వాళ్లమ్మకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకుని, ఆ తరువాత ఏడ్చింది. ట్రాక్టర్ల షోరూంలో బిల్లులు కొట్టే పని దానిది. అందరూ వెళ్లిపోయాక మేనేజరు ఏదో వంకతో ఆపుతాడట, కంప్యూటరులో తప్పు చూపించే నెపంతో భుజం మీద చెయ్యి వేస్తాడట. "పెద్దమ్మా, నువ్వయితే ఏం జేస్తుంటివి?" అని అడిగింది. నేను నోరున్న మనిషినని మా చుట్టాలందరికీ గట్టి నమ్మకం. ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదనీ, మానుకోట బండిలో నేర్చుకున్నదనీ వాళ్లకేం తెలుసు?

మహబూబాబాద్‌ను మనం మానుకోట అనే అంటాం కదా. డిగ్రీ అయిన కొత్తలో నేను జనగామ నుంచి అక్కడికి రోజూ ప్యాసింజరు రైల్లో వెళ్లి వచ్చేదాన్ని, ఒక ఎరువుల డీలరు ఆఫీసులో టైపు కొట్టడానికి. ఆడవాళ్ల పెట్టెలో మాదొక గుంపు ఉండేది. టీచర్లు, గుమాస్తాలు, కుట్టు సెంటరు నడిపే అక్క, అందరికీ పెద్దగా సర్కారు దవాఖానలో పనిచేసే నర్సు. ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు ఆమెను ఖాలా అని పిలిచేవాళ్లం. చిక్కుడుకాయలు తుంచుకుంటూ, టిఫిన్ డబ్బాలు మార్చుకుంటూ, అక్కడ లేని అత్తలను తిట్టుకుంటూ పోయే ఆ ప్రయాణంలో నేను కొద్దిరోజులకే కిటికీ మూలకు ఒదిగిపోయాను. సరిగ్గా నా బండి వేళకే ఆఫీసు చూసుకునే పెద్దమనిషికి అర్జెంటు ఉత్తరాలు గుర్తొచ్చేవి. నేను టైపు కొడుతుంటే వెనక నిలబడి, అక్షరాలు చూస్తున్నట్టు మీదికి వంగేవాడు. ఎవరికి చెప్పాలి? యజమానికి చెబుదామంటే ఇతను ఆయన బామ్మర్ది. ఇంట్లో చెబితే కొలువు మానిపిస్తారు. పోలీసు స్టేషన్ మెట్లెక్కితే ఊరు అతన్ని వదిలేసి నన్ను ఆరా తీస్తుంది.

ఒకటి రెండుసార్లు నేను బండికి అందకపోయేసరికి ఖాలా ఒక్కటే అడిగింది: "బండి నువ్వు తప్పిస్తున్నవా బేటీ, ఎవడన్న తప్పిస్తుండా?" నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మరునాడు సాయంత్రం ఖాలా కుట్టు సెంటరు అక్కను వెంటేసుకుని మా ఆఫీసు గడప ముందు నిలబడి, బజారంతా వినేట్టు కేకేసింది. "ఏం పిల్లా, బండొచ్చే యాళ్లయింది, లెవ్వు! సారూ, జర పిల్లను పంపు. లేకుంటె మా పెట్టెల ఆడోళ్లందర్ని తోల్కొచ్చి నీ ముంగట్నే కూసుంటం, చాయ్ నువ్వే తాపాలె!" పక్క దుకాణాల వాళ్లు పకపకా నవ్వారు. అది మొదలు ప్రతి సాయంత్రం మా వాళ్లలో ఎవరో ఒకరు స్టేషనుకు పోతూ ఆ గడప దగ్గర ఆగి నన్ను పిలుచుకుపోయేవారు. అర్జెంటు ఉత్తరాలు ఆగిపోయాయి.

అక్కడితో కథ బాగుండేది. కానీ సీజను కాగానే పని తక్కువైందని నన్ను తీసేసి, ఆ కుర్చీలో పాలకుర్తి దిక్కు నుంచి బస్సులో ఒంటరిగా వచ్చే పిల్లను పెట్టుకున్నాడు. బుద్ధి వచ్చింది మహానుభావుడికి! రైల్లో వచ్చేవాళ్లను పెట్టుకోకూడదన్న బుద్ధి.

ఇప్పుడు ఇలాంటివాళ్ల మీద చట్టముంది. పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండాలి, అంతమంది లేకపోతే జిల్లాకొక కమిటీ ఉంది, మూడు నెలలు దాటకముందే ఫిర్యాదు రాసివ్వాలి, రాయడం చేతకాకపోతే ఆడవాళ్ల కోసం సర్కారు పెట్టిన సఖి కేంద్రంలో సాయం చేస్తారు అని ఫోనులో గడగడా చెప్పాను. పిల్ల అంతా విని, "అవన్నీ నాకెరుకే పెద్దమ్మా. ఆ కమిటీ కాడికి ఒక్కదాన్నే ఎట్ల పోవాలె?" అంది.

చట్టాన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్లతో నాకు పడదు. అది అప్పుడే ఉంటే, ఆ కుర్చీలోంచి లేచేది నేను కాదు, అతను. అయితే భూపాలపల్లికి రైలు లేదు, గడప ముందు ఆగి పిలుచుకుపోయే ఆడవాళ్ల పెట్టే లేదు. రైలు ఉన్నచోట మాత్రం ఏముంది, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరి ఫోన్లో వాళ్లుంటే, నిన్న ఎవరు బండికి అందలేదో చూసేదెవరు?

రేపు బస్సుకు భూపాలపల్లి వెళ్తున్నాను. పగలు దాన్ని వెంటబెట్టుకుని ఆ జిల్లా కమిటీ కోసం కలెక్టరాఫీసుకు, సాయంత్రం ఆ షోరూం గడప దగ్గరికి. పిల్ల మాత్రం, "కేకలెయ్యకే పెద్దమ్మా, ఇజ్జత్ పోతది" అని ఇప్పటికే బతిమాలుకుంది. వేస్తాను. పెట్టెడు ఆడవాళ్ల పేరు చెప్పి ఖాలా వేసిన కేక అది. నా వెనక ఎవరూ లేరని ఆ మేనేజరుకు తెలియనంత వరకైనా పనిచేస్తుందేమో.