మూడో చరణంలో అమ్మ

కొషాలిన్ ఊళ్లో సగం మంది ముసలివాళ్లు బోగ్నా చేసిన పళ్లతోనే నములుతున్నారు. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో ఆమెది ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. చేతులు మైనంతో పనిచేస్తుంటే చెవులు పాటలతో పనిచేస్తాయి. ఆ పాటలు కూడా ఎవరో తెలియనివాళ్లవే అయి ఉండాలి. పెద్ద కంపెనీ అండ లేకుండా, సొంతంగా నాలుగైదు వందల రికార్డులు అచ్చు వేసుకుని, డొక్కు వ్యాన్‌లో ఊరూరా తిరిగే పాటల గుంపులంటే ఆమెకు ప్రాణం. ఆ గుంపు పేరు నలుగురి నోళ్లలో నానిందా, ఇక ఆమెకు మొహం మొత్తుతుంది.

తాను విని ఊరుకునే రకమైతే గొడవే లేదు. పక్క బల్ల మీద పనిచేసే ఇర్మినా ఫోనుకు రోజూ పొద్దున్నే ఒక పాట వచ్చి పడుతుంది. "విను. రెండోసారి వినకుండా మాత్రం ఏమీ అనకు" అని కింద హెచ్చరిక. ఇర్మినా పాపం భయానికే వినేది. తర్వాత్తర్వాత, ఏ రోజైనా పాట రాకపోతే ఏదో వెలితిగా ఉంటోందని ఆమే ఒప్పుకుంది.

ఈ పిచ్చి ఎనభై ఆరులో మొదలైంది. అప్పుడు బోగ్నాకు పదిహేనేళ్లు. బుధవారం సాయంత్రం ఐదింటికి రేడియోలో ఒకాయన విదేశీ పాటలు వేసేవాడు. దుకాణాల్లో ఆ రికార్డులు దొరకవని ఆయనకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. అందుకే గుంపు పేరు ఒక్కసారి చెప్పి, "క్యాసెట్లు సిద్ధం చేసుకోండి" అని, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు నోరు మూసుకునేవాడు. పాట మధ్యలో పొరపాటున కూడా మాట్లాడేవాడు కాదు. అంతటి మర్యాదస్థుడిని బోగ్నా మళ్లీ చూడలేదు. తర్వాత పెళ్లాడిన మొగుడితో సహా.

రేడియో నుంచి రికార్డర్‌కు తగిలించే వైరు వాళ్లింట్లో లేదు. కాబట్టి రేడియో ముందు ముక్కాలిపీట వేసి, దాని మీద రికార్డర్ పెట్టి, మైకును రేడియో వైపు తిప్పేది. కిటికీలు మూత. ఆ గంటసేపూ ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. ఎవరూ అంటే, ఉన్నది తల్లి లెయొకాదియా ఒక్కతే. ఆమె పాల ఫ్యాక్టరీలో సీసాల మోత మధ్య పనిచేసేది. పక్కన నిలబడిన మనిషితో కూడా కేక పెట్టి మాట్లాడటం ఆమెకు అలవాటైపోయింది. బుధవారాలు మాత్రం మేజోళ్లతో, పిల్లిలా నడిచేది.

ఆ నవంబర్ బుధవారం రేడియో ఆయన ఇంగ్లండు కుర్రాళ్ల పాట ఒకటి వేశాడు. గుంపు పేరు పేల్ అంబ్రెల్లాస్. బోగ్నా చెవికి ఎలా వినిపించిందో అలాగే "పెయిలాం బ్రెలస్" అని క్యాసెట్ మీద రాసింది. క్లాసు మొత్తం నాలుగేళ్లపాటు అదే పేరు పలికింది. పాట మూడో చరణంలో గిటార్లన్నీ ఆగిపోయి, ఒక్క కుర్రాడి గొంతు మాత్రమే మిగులుతుంది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి పాల ఫ్యాక్టరీ గొంతు ఖంగుమంది.

"బోగ్నా! సూపు చల్లారిపోతోందే!"

పాట అయ్యాక ఇల్లు దద్దరిల్లింది. "నా బతుకు నాశనం చేశావ్" దగ్గర మొదలుపెట్టి, పదిహేనేళ్ల పిల్ల తల్లిని ఎన్ని మాటలనగలదో అన్నీ అంది. రేడియోలో ఆ పాట మళ్లీ రాలేదు. ఉన్నదల్లా ఆ ఒక్క రికార్డింగే.

పాట బాగుందని తెలిశాక దాచుకోవడం బోగ్నా వల్ల అయ్యే పనా? రెండు రికార్డర్లున్న జ్జిషెక్ అనే క్లాసు కుర్రాడికి ఇచ్చింది. వాడు నకలు తీశాడు, ఆ నకలుకు నకళ్లు తీశారు. నెల తిరిగేసరికి స్కూలు నడవాలో ఆమె కనిపిస్తే చాలు, "బోగ్నా! సూపు!" అని నాలుగు మూలల నుంచీ కేకలు. ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. ఇంట్లో తన క్యాసెట్ పెట్టుకున్నప్పుడు మూడో చరణం రాగానే చెయ్యి వాల్యూమ్ మీదికి పోయేది. సౌండ్ పూర్తిగా తగ్గించేసి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ పెంచేది. ప్రతిసారీ అంతే.

తొంభైలో స్నేహితురాలు రెనాటా బెర్లిన్ నుంచి అసలు రికార్డు తెచ్చింది. బోగ్నా ఆ సాయంత్రమే పాత క్యాసెట్ మీద, అదే చోట, అసలు పాట ఎక్కించేసింది. ఎవరి అరుపూ లేదు. క్యాసెట్ మీద "శుభ్రం" అని రాసి కింద రెండు గీతలు కూడా గీసింది. ఆ పని చేసిన చేతుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

లెయొకాదియా తొంభై ఎనిమిదిలో పోయింది. ఫొటోలు తొమ్మిది మిగిలాయి. గొంతు ఎక్కడా మిగల్లేదు. ఆ సంగతి చాలా ఏళ్లు బోగ్నాకు తట్టనే లేదు, ఎందుకంటే గొంతు చెవిలోనే ఉందనుకుంది.

పోయిన వసంతంలో ల్యాబ్‌లో పని చేసుకుంటూ ఉంటే, ఇంటర్నెట్‌లో ఒకదాని తర్వాత ఒకటి వస్తున్న పాటల్లో ఆ పాట వచ్చింది. మూడో చరణంలో గిటార్లు ఆగాయి. ఆమె చెయ్యి దానంతటదే స్పీకర్ మీదికి పోయి, మధ్యలో ఆగింది. కుర్రాడు ఒంటరిగా పాడుకుంటూ పోయాడు. ఎవరూ పిలవలేదు. సరే, తానే తలుచుకుందామని చూసింది. మాటలు గుర్తున్నాయి. గొంతు రాలేదు. ఇంటికెళ్లి కళ్లు మూసుకుని కూర్చుని ప్రయత్నించింది. అప్పుడూ రాలేదు. అమ్మ చనిపోయిన రోజు కూడా అంత ఏడవలేదు బోగ్నా.

మర్నాడే రెనాటాకు ఫోను చేసి, అప్పటి నకలు ఏమైనా ఉందా అని అడిగింది.

"క్యాసెట్లా! ఏ కాలంలో ఉన్నావే నువ్వు? ఇల్లు మారినప్పుడు రెండు అట్టపెట్టెలు ఎత్తి పారేశాను."

"చూసి పారేశావా, చూడకుండానా?"

"చూస్తే పారేయగలనా చెప్పు?"

తర్వాత జ్జిషెక్ దగ్గరికి వెళ్లింది. ఇప్పుడతను నాటకశాలలో సౌండ్ చూసుకుంటున్నాడు. గుండు, గడ్డం, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. ఆ పాట క్యాసెట్ మాట ఎత్తగానే అతని మొహం వెలిగిపోయింది.

"ఉందే! నీ కోసమే చేసి పెట్టాను. పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కూర్చో."

హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకు పెట్టాడు. రెండు చరణాలు పోయాయి. బోగ్నా హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదిమి పట్టుకుంది. మూడో చరణం కూడా చీకూచింతా లేకుండా వెళ్లిపోయింది.

"అమ్మేదిరా?"

"తీసేశాగా! రెండు రోజులు పట్టింది తెలుసా? అతుకు ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం."

"ఆ క్యాసెట్ ఎక్కడ?"

"ఎక్కించాక దాన్తో ఏం పని?" అంటూనే ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "అంటే... ఎంత ఏడిపించారో గుర్తుంది కదే నిన్ను. అది లేకుండా వింటే సంతోషిస్తావని..."

అతన్ని ఏమని తిడుతుంది బోగ్నా? తను తొంభైలో చేసిన పనినే అతను ఇంకాస్త నేర్పుగా చేశాడు, అంతే. జ్జిషెక్ తల గోక్కుని, తన పెదనాన్న కొడుకు విటెక్‌కు అప్పట్లో ఒక నకలు ఇచ్చినట్టు గుర్తుందన్నాడు. విటెక్ దార్వోవోలో ఉంటాడు, సముద్రం ఒడ్డున. చేపలకు పొగ పెట్టి అమ్ముతాడు.

శనివారం బస్సెక్కి వెళ్లింది. పొగగూటి ముందు బల్ల వేసుకుని, ఎర్ర మొహం మనిషి ఒకడు కత్తితో చేపల తోలు ఒలుస్తున్నాడు.

"విటెక్ గారేనా? నేను కొషాలిన్ నుంచి వచ్చానండీ. జ్జిషెక్‌తో కలిసి చదువుకున్నాను. నా పేరు బోగ్నా."

కత్తి ఆగింది.

"ఏ బోగ్నా? సూపు బోగ్నాయా?"

ముప్పై ఆరేళ్ల తర్వాత కూడా ఆమె చెవులు ఎర్రబడ్డాయి. విటెక్ అప్పటికే లోపలికి తిరిగి కేకేస్తున్నాడు. "ఒసేయ్ తెరేసా! ఎవరొచ్చారో చూడు! బోగ్నా వచ్చిందే, బోగ్నా!"

"ఏ బోగ్నా?" అంది లోపలి నుంచి ఆడగొంతు.

"ఎంతమంది బోగ్నాలున్నారే మనకి!" అని, ఇటు తిరిగి చెప్పుకొచ్చాడు. "మా ఇంట్లో భోజనానికి పిలుపు అదేనండీ. నేను కేకేస్తాను, పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్లు. మా చిన్నదైతే బడికెళ్లేదాకా, 'బోగ్నా' అంటే అన్నానికి రమ్మనడం అనుకుంది. కిండర్‌గార్టెన్‌లో బోగ్నా అని ఒక పిల్ల చేరితే, టీచర్ హాజరు పిలవగానే చెంచా పట్టుకుని కూర్చుందట."

బోగ్నా నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "ఆ క్యాసెట్ ఉందాండీ?"

విటెక్ మొహం వాడిపోయింది. "ఎక్కడండీ. వాయించి వాయించి అరిగిపోయింది. మూడుచోట్ల తెగితే అతికించాను. నాలుగోసారి మిషనే నమిలేసింది. పన్నెండేళ్లవుతోంది."

ఆమె తలూపింది. మళ్లీ మళ్లీ తలూపింది. బస్సు ఎన్నింటికని అడిగి, జవాబు వినకుండానే మళ్లీ అదే అడిగింది. విటెక్ కంగారుపడ్డాడు.

"పాటంతా నాకు వచ్చండీ. ఇంగ్లీషు ముక్క రాదనుకోండి, ఆ కూతలన్నీ వచ్చు."

ఆమె ఔననక ముందే మొదలుపెట్టాడు. బల్ల మీద కత్తి పిడితో తాళం. అర్థంలేని కూతలతో రెండు చరణాలు నడిచాయి. మూడో చరణానికి తాళం ఆపి, మెడ కొంచెం వెనక్కి వాల్చి కేకేశాడు.

"బోగ్నా-ఆ! సూపు చల్లారిపోతోందే!"

చేపలవాడి బొంగురు గొంతే. కానీ పేరు చివర ఆ సాగదీత, ఆ పైకి లేవడం, 'చల్లారి' దగ్గర ఆ విరుపు, అన్నీ లెయొకాదియావే. బోగ్నా బల్ల అంచు పట్టుకుంది. విటెక్ పాటలోకి తిరిగి రాలేదు. గొంతు బాగా తగ్గించి, ఎవరితోనో దగ్గరగా నిలబడి చెబుతున్నట్టు అన్నాడు.

"అయ్యో... సరే సరే, అయిపోయాకే రా. మళ్లీ వేడి చేస్తాలే."

"అదేమిటి?" అంది బోగ్నా. "ఆ చివర అన్నది?"

"అదీ అందులోదేనండీ. వెంటనే అంటుంది, మెల్లగా. చెవి పెట్టి వింటే తప్ప తెలీదు." విటెక్ ఆమెను వింతగా చూశాడు. "మీ క్యాసెట్టేగా! మీరు వినలేదా?"

వినలేదు. స్కూల్లో ఏడిపించినవాళ్లకు కేక కావాలి గానీ గొణుగుడు ఎందుకు? ఆమె చేతికేమో అక్కడ సౌండ్ తగ్గించడం అలవాటు.

ఆ బుధవారం పాట అయ్యాక బల్ల దగ్గరికి పోయి, విసురుగా మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. నాలుక చుర్రుమని కాలింది. "చల్లారిందన్నావుగా! అబద్ధాలకోరు!" అని చెంచా విసిరికొట్టింది. అమ్మ కిందపడిన చెంచా తీసి, గుడ్డతో బల్ల తుడిచింది.

విటెక్ గొంతు సవరించుకుని నాలుగో చరణం అందుకోబోయాడు.

"పాట వద్దండీ" అంది బోగ్నా. "ఆ చివరి మాట ఒక్కటీ. ఇంకొక్కసారి."

విటెక్ కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మెల్లగా అన్నాడు.