నీళ్లపట్నం రేవులో మా అన్న

ఒట్టు. మా అన్న మీద ఒట్టు... ఆయన లేడు కాబట్టి అది ఇంకా పెద్ద ఒట్టు. బైబిలు తెచ్చి చేతిలో పెట్టినా ఇదే చెప్తాను. ఇందులో నేను కల్పించింది ఒక్క ఊరినే. అదీ ఒక్కదాన్నే కాదు... చిన్నప్పుడు మా అన్నా నేనూ కలిసి కల్పించాం. మిగతాదంతా జరిగింది.

నేను పిరికిదాన్ని కాను. మార్కాపురం అవతల మా కాలనీ సమాధుల దొడ్డిని ఆనుకునే ఉంటుంది. పొద్దు పొడవకముందే ఆ దారినే పోయి ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి వచ్చేదాన్ని. దయ్యం కనిపిస్తే ఒక బిందె దాని నెత్తిన పెడతానని మా వదినతో పరాచికాలాడేదాన్ని. నవ్వండి, ఇప్పుడైతే నవ్వొచ్చు.

మా అన్న పేరు దేవదానం. పలకల పనిలో బతుకంతా పోయింది ఆయనకు. గనిలో రాయిని పొరలు పొరలుగా చీల్చడం, కోయడం, నునుపు చేయడం. ఏళ్ల తరబడి ఆ దుమ్ము మింగాడు. చివరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఒంగోలులో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "ఇంటికి తీసుకెళ్లండమ్మా, ఏం తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం మా వదిన రూతమ్మకు తెలిసింది. నాకూ తెలిసింది. కానీ నేను ఒప్పుకోలేదు. నన్ను పెంచింది అన్నే. మొగుడు వదిలేస్తే, ఎవరేమన్నా లెక్కచేయకుండా మళ్లీ ఇంట్లోకి పిలుచుకున్నదీ అన్నే. ఆయన పోతే నాకంటూ ఎవరూ లేరు. పోనివ్వకూడదు... నాకు తెలిసింది అంతే.

ఇక ఆ ఊరు. మా చిన్నప్పుడు ఫ్యాక్టరీ వెనక పగిలిన పలకల దిబ్బలుండేవి. మా ఊరి పలకలు లారీ ఎక్కి, ఎక్కడో రేవులో ఓడెక్కి, పరదేశం పోతాయని ఒక లారీ డ్రైవరు చెప్పాడు. మేమిద్దరం సముద్రం చూసిందీ లేదు, ఓడను చూసిందీ లేదు. అందుకని పలక ముక్కలు నిలబెట్టి మేమే ఒక రేవు కట్టుకున్నాం. దాని పేరు నీళ్లపట్నం. ఊళ్లోకి అడుగు పెట్టగానే ఉప్పుపేట. తర్వాత కుళాయిల వీధి... అక్కడ ప్రతి ఇంటికీ రెండు కుళాయిలు, ఒకటి తాగడానికి, ఒకటి ఊరికే వదిలేయడానికి. మా నీళ్ల ఆశ అట్లా ఉండేది మరి. అది దాటితే చేపలమిట్ట. దాని పక్కన గంటమేడ, ఓడ వస్తే గంట కొట్టడానికి. ఆ చివర దీపాల బురుజు, దాని కింద రేవు. అన్న పనిలో చేరాక ఆట మానేశాడు. నేను మాత్రం ఒక్కదాన్నే ఇంకొన్నాళ్లు ఆడాను. గంటమేడ వెనక తాళ్ల సందు అని ఒకటి కట్టాను, ఓడలకు తాళ్లు పేనేవాళ్లు ఉండే సందు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అన్నకు కూడా.

ఆ రాత్రి కరెంటు పోయింది. వేసవి. గాలి లేదు. వదిన తలాపున కూర్చుని లోలోపల ప్రార్థన చేసుకుంటోంది. నేను అన్న కాళ్ల దగ్గర కూర్చుని అరికాళ్లు రుద్దుతున్నాను. ఆయన ఊపిరి... గుర్ర్... ఆగుతుంది... మళ్లీ గుర్ర్... ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగేది.

ఉన్నట్టుండి ఆ గురక తగ్గింది. అన్న కళ్లు తెరవలేదు. కానీ మాట స్పష్టంగా వచ్చింది.

"పాపా... ఉప్పుపేట దాటినా."

జ్వరం మాట అనుకున్నాను. "అట్లనా అన్నా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"కుళాయిలన్నీ తిప్పి పెట్టినారు పాపా. వీధంతా నీళ్లు. చెప్పులు తడుస్తాండాయి."

వదిన కళ్లు తుడుచుకుంది. "చిన్నప్పటివి మాట్లాడతాండాడు. మాట్లాడనీ గ్రేసీ, ఊపిరి బాగా ఆడతాంది" అంది. నిజమే. ఎన్నో నెలల తర్వాత ఆయన రొమ్ము నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. నాకు సంతోషం కలిగింది. అబద్ధమెందుకు, చాలా సంతోషం కలిగింది.

"చేపలమిట్ట... జనం మస్తుగుండారు" అన్నాడు. "గంటమేడ కాడ దోవ మూసినారు. తాళ్ల సందులో నుంచి పోతాండా."

నా చేతులు ఆగిపోయాయి.

తాళ్ల సందు... నేను ఎవరికీ చెప్పలేదని ఇప్పుడే అన్నాను కదా. ఎవరికీ. ఆ దిబ్బలను ఎప్పుడో లారీలకెత్తి ఎక్కడో పోశారు.

"ఏ సందన్నా?" అన్నాను.

"తాళ్ల సందు పాపా. ముసలోళ్లు కూసోని పేనుతాండారు. తలెత్తి చూడరు."

అప్పుడు గమనించాను. నా అరచేతుల్లో తడి. ఆయన అరికాళ్లు తడిగా ఉన్నాయి. చెమటే అనుకున్నాను. వేళ్లతో తడిమితే... సన్నగా ఇసుక తగిలింది. మంచం దిగి ఎన్నాళ్లో అయిన మనిషి. ఇంట్లో ట్యాంకరు నీళ్లు అడుగంటి, ఒళ్లు తుడవడానికి కూడా చూసి చూసి వాడుతున్నాం. ఆ పాదాలకు ఇసుకేంది? తడి వేలు నాలుకకు తాకించాను. ఉప్పగా ఉంది. చెమటా ఉప్పగానే ఉంటుంది... ఉంటుంది కదా?

అప్పుడే వినిపించింది. భోం... అని. పొడుగ్గా, కిందనుంచి వచ్చినట్టు. మంచం పట్టె సన్నగా అదిరింది.

"వదినా... విన్నావా?"

"స్టేషను కాడ రైలేమో లే" అంది వదిన. కానీ ఆమె చెయ్యి నా భుజం పట్టుకుంది. మా స్టేషను రైలు కూత నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అది కాదు.

అన్న నవ్వాడు. ఆ నవ్వు... ఎన్నాళ్లయిందో చూసి.

"ఓడొచ్చింది పాపా. ఎంత తెల్లగుందో. మెట్లు దించినారు. నన్నే చూస్తాండారు."

నాకప్పుడు అంతా అర్థమైంది. ఆ ఓడెక్కితే ఇంక రాడు. ఇంత హాయిగా, నవ్వుతూ... వెళ్లిపోతాడు. ఎట్లా ఆపాలి? చెయ్యి పట్టుకు లాగితే ఆగే దారి కాదు అది. ఆయన కాళ్లు మెల్లగా కదులుతున్నాయి, నడుస్తున్నట్టే.

మా దిక్కు బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగరు. అడిగితే శకునం చెడినట్టే. ఆ మనిషి ఆగిపోవాలి, కూర్చోవాలి, మంచినీళ్లు తాగి అప్పుడు లేవాలి. చర్చికి పోయే మా ఇళ్లలోనూ ఈ పట్టింపు పోలేదు. నేను ఆయన చెవి దగ్గర వంగాను. కావాలనే అడిగాను.

"యాడికన్నా?"

కాళ్లు ఆగాయి.

"గ్రేసీ! అట్ల అడగొచ్చునా?" వదిన నోరు నొక్కుకుంది.

అన్న ముఖంలో నవ్వు పోయింది. నొచ్చుకున్నట్టు, "అడిగితివే పాపా..." అన్నాడు. "సరే, మెట్ల కాడ కూసుంటాలే. రవ్వన్ని నీళ్లియ్యి. తాగి పోతా."

నేను ఇవ్వలేదు. తాగితే లేస్తాడు. వదిన చెంబు అందుకోబోతే దాని మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను, ఆయన మాత్రం చిన్నపిల్లాడిలా అడుగుతూనే ఉన్నాడు. "నీళ్లు పాపా... బిరీన... తాళ్లు ఇప్పుతాండారు..."

భోం... మళ్లీ. ఈసారి దూరంగా. ఇంకొంచెం దూరంగా...

తర్వాత గుర్ర్ మని ఆ పాత ఊపిరి తిరిగొచ్చింది. నేను గెలిచాననుకున్నాను. తెల్లారేదాకా దేవునికి స్తోత్రాలు చెప్పుకుంటూ ఆ కాళ్లు పట్టుకునే కూర్చున్నాను.

అన్న బతికాడు. కానీ తిరిగి రాలేదు. కళ్లు తెరిచి చూసేవాడు, మమ్మల్ని కాదు. ఊపిరి అందక మెలికలు తిరిగేవాడు, మధ్యలో ఆ ఊరి మాటలే. "చేపలమిట్టలో ఒక్కరు లేరు పాపా. కుళాయిలు ఎండిపోయినాయి. దీపాల బురుజు ఆర్పేసినారు." గ్లాసు నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకునేవాడు. "ఇప్పుడెందుకు? తాగి యాడికి పోవాల?"

ఇంకో ఓడ వస్తుందన్నా, కూర్చో, అని చెప్పేదాన్ని. వస్తుందని నాకేం తెలుసు? అయినా చెప్పేదాన్ని. చివరికి ఆ ఓడ రావాలని నేనే రాత్రుళ్లు చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు.

ఒక మధ్యాహ్నం వదిన గంజి కాస్తుండగా ఆయన ఊపిరి ఆగింది. నేను పక్కనే ఉన్నాను. వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు తప్ప ఇంకే చప్పుడూ లేదు. పాదాలు తడిమి చూశాను. పొడిగా ఉన్నాయి.

వదిన ఆ రాత్రికి అర్థాలు వెతకదు. "ప్రభువు కాడికి చేరినాడు. చేరి ఉంటాడు గదా గ్రేసీ?" అని అప్పుడప్పుడు నన్ను అడుగుతుంది. చేరి ఉంటాడు వదినా అంటాను. జ్వరం మాటలేనేమో. ఆ కూత ఏదో గూడ్సు బండిదేమో. ఇసుక నా చేతులకే అంటి ఉందేమో. తాళ్ల సందు సంగతి... చిన్నప్పుడు నేనే నోరు జారి మరిచిపోయానేమో. ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో.

సమాధి మా ఇంటి నుంచి కనిపిస్తుంది. బిందెలతో ఆ దారినే పోతాను ఇప్పటికీ. ఎక్కడున్నావన్నా అని నోటిదాకా వస్తుంది. అడగను. ఇంకా ఆ రేవులోనే కూర్చుని ఉన్నానని పలుకుతాడేమోనని నాకు భయం.